కనిపించని ఆవిడ

సీక్వెల్ అంటే నాకు ముందునుంచీ కొంచెం అనుమానమే. మొదటి సినిమా ఆడింది కదా అని రెండోది తీస్తారు. జీడిపాకంలా సాగదీయడం తప్ప అందులో చెప్పడానికి ఏమీ మిగలదు. కానీ కొన్ని కథలకి రెండో భాగం నిజంగానే కావాలి. ప్రేమించుకుని విడిపోయిన ఇద్దరు కొన్నేళ్ళ తర్వాత ఎదురుపడే కథ అలాంటిది.

డిగ్రీలో శృంగార నైషధం చదివేటప్పుడు కూడా నాకు ఇదే గొడవ. శ్రీనాథుడు హంస రాయబారం, స్వయంవరం, పెళ్ళి అన్నీ మహా వైభవంగా చెప్పి, కొత్త దంపతుల సంతోషం దగ్గర కావ్యం ముగించేశాడు. మూలం రాసిన శ్రీహర్షుడూ అంతే. నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకోవడం, అడవిలో నిద్రపోతున్న దమయంతిని వదిలి వెళ్ళిపోవడం, ఆ తర్వాతెప్పుడో బాహుకుడన్న పేరుతో గుర్తుపట్టలేని రూపంలో వస్తే ఆవిడ అతని చేతి వంట రుచి చూసి మొగుణ్ణి పోల్చుకోవడం, ఇవన్నీ కావాలంటే భారతంలో అరణ్యపర్వం తెరవాలి. “అసలు కథ అక్కడ కదండీ ఉంది?” అని మా లెక్చరర్‌ని అడిగితే ఆయన నవ్వి, “కావ్యానికి అంతవరకే అందం అమ్మా” అన్నారు.

అందం అయిపోయాక మొదలయ్యే కథని ఏమాత్రం సాగదీయకుండా చెప్పిన సినిమా ఒకటి ఈ మధ్య చూశాను. పేరు ‘బిఫోర్ సన్‌సెట్’. 2004లో వచ్చింది. మా అమ్మాయి హాస్టల్ నుంచి సెలవులకి వచ్చినప్పుడు పట్టుబట్టి చూపించింది. దానికంటే ముందురోజు మొదటి భాగం ‘బిఫోర్ సన్‌రైజ్’ చూపించింది. అది 1995 నాటిది. రెంటికీ దర్శకుడు రిచర్డ్ లింక్‌లేటర్. నటులు ఈథన్ హాక్, జూలీ డెల్పీ. చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను.

జెస్సీ అమెరికా కుర్రాడు. సెలీన్ ఫ్రాన్సు అమ్మాయి. బుడాపెస్ట్ నుంచి వచ్చే రైల్లో మాటలు కలుస్తాయి. అతను వియన్నాలో దిగాలి, ఆమె పారిస్ వెళ్ళాలి. “నువ్వూ దిగు, రేపు పొద్దున్న నా విమానం దాకా ఊరంతా తిరుగుదాం” అంటాడు. దిగుతుంది. రాత్రంతా తిరుగుతారు. తెల్లారాక రైల్వే ప్లాట్‌ఫాం మీద విడిపోతూ, సరిగ్గా ఆరు నెలలకి ఇదే చోట కలుసుకోవాలని మాట ఇచ్చుకుంటారు. ఫోన్ నంబరు లేదు, అడ్రసు లేదు, ఇంటిపేరు కూడా తెలీదు. ఉత్త మాట మీద వదిలేస్తారు. వాళ్ళు లేని వియన్నా వీధుల్ని పొద్దుటి ఎండలో ఒక్కొక్కటే చూపించి సినిమా ముగించారు.

ఆరు నెలలకి వాళ్ళు కలిశారా లేదా? ఈ ప్రశ్నని ప్రేక్షకుల ఒడిలో పడేసి తొమ్మిదేళ్ళు ఊరుకున్నారు. మా అమ్మాయికి ఒక్క రాత్రే ఆగాల్సొచ్చింది. “కలిసే ఉంటారే” అని నేను, “ఛాన్సే లేదు” అని అది. మా వారు మాత్రం “నంబరు రాసుకోవడానికి ఏం రోగం?” అన్నారు.

రెండో సినిమా పారిస్‌లో ‘షేక్‌స్పియర్ అండ్ కంపెనీ’ అనే పుస్తకాల షాపులో మొదలవుతుంది. అది నిజంగా ఉన్న షాపే, నోత్రదామ్ చర్చికి ఎదురుగా, సెన్ నది ఇవతలి ఒడ్డున. జెస్సీ ఇప్పుడు రచయిత. ఆ వియన్నా రాత్రి గురించే నవల రాశాడు. విలేకరులు “వాళ్ళు మళ్ళీ కలిశారా?” అని మనం అడగాల్సిన ప్రశ్నే అడుగుతుంటే ఏదో చెప్పి తప్పించుకుంటూ పక్కకి చూస్తాడు. పుస్తకాల అరల మధ్య సెలీన్ నిలబడి ఉంటుంది.

అతనికి ఆ సాయంత్రమే విమానం. గంటా గంటంబావు టైముంది. సినిమా నిడివి కూడా ఎనభై నిమిషాలే. వాళ్ళకి ఎంతసేపు గడిచిందో మనకీ అంతే గడుస్తుంది. మధ్యలో పాట లేదు, వెనక్కి తిప్పి చూపించే కథ లేదు, “కొన్నాళ్ళ తర్వాత” లేదు. సందుల్లో నడుస్తూ, ఒక కాఫీ షాపులో కూర్చుని, పాత రైలు కట్ట మీద వేసిన తోటలో నడిచి, నది మీద పడవెక్కి, చివరికి కారులో ఆమె ఇంటిదాకా. అంతా మాటలే. పదిహేను రోజుల్లో తీసేశారట. ఆ మాటల్ని దర్శకుడితో పాటు నటులిద్దరూ కలిసి రాసుకున్నారు, దానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

ఎనభై నిమిషాలంటే మనకి తెలుసు కదా. పొద్దున్నే లేచి పాలు కాచి, కుక్కర్ పెట్టి, రెండు కూరలు తరిగి, నాలుగు డబ్బాలు సర్దేసరికి అయిపోయే టైము. తొమ్మిదేళ్ళ లెక్కలు అందులో తేల్చాలి వాళ్ళు. మొదటి పావుగంటా ఉద్యోగాలు, ఊళ్ళు, దేశాల సంగతులు. ఏళ్ళ తర్వాత కలిసినవాళ్ళెవరూ అసలు సంగతితో మొదలుపెట్టరు. పిల్లలెంతమంది, ఎక్కడుంటున్నారు, చిక్కారే, జుట్టు కత్తిరించారే... ఇలా చుట్టూ తిరుగుతాం.

ఆ తిరుగుడు మధ్యలో బయటపడుతుంది. ఆ డిసెంబరులో సెలీన్ వియన్నా వెళ్ళలేదు. సరిగ్గా ఆ రోజునే బుడాపెస్ట్‌లో వాళ్ళ అమ్మమ్మ అంత్యక్రియలు. “నువ్వు వెళ్ళావా?” అని అడుగుతుంది. ముందు లేదంటాడు. ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంది. తర్వాత అతని మొహం చూసి కనిపెట్టేస్తుంది. వెళ్ళాడు. అమెరికా నుంచి అంత దూరం వెళ్ళాడు. ఆమెకి నొప్పి కలక్కూడదని అబద్ధమాడాడు. ఆ క్షణంలో సెలీన్ మొహం చూడాలి మీరు. ఎవరి తప్పూ లేదు. ఒక ముసలావిడ పోయింది, అంతే. తొమ్మిదేళ్ళ జీవితాలు అటువైపు తిరగాల్సినవి ఇటువైపు తిరిగిపోయాయి.

ఇంకో సంగతి విని నేను “అయ్యో” అని పైకే అనేశాను. కొన్నాళ్ళు సెలీన్ చదువుకోసం న్యూయార్క్‌లో ఉంది. అతను కూడా అదే ఊళ్ళో ఉన్నాడు. పెళ్ళికి వెళ్తూ కారులోంచి చూస్తే, గొడుగు మడుస్తూ ఒక షాపులోకి వెళ్తున్న అమ్మాయి అచ్చం సెలీన్‌లా కనిపించిందట. వీధి పేరు చెబితే, తనుండేది ఆ దగ్గర్లోనే అంటుంది ఆమె. వియన్నాలో ఎవరికోసమైతే పడిగాపులు కాశాడో ఆ మనిషి పెళ్ళి రోజున పక్క సందులో గొడుగు మడుచుకుంటోంది.

నటులిద్దరికీ నిజంగానే తొమ్మిదేళ్ళు పెరిగాయి. దానికి మేకప్ అక్కర్లేకపోయింది. మొదటి సినిమాలో బుగ్గలు నిండుగా ఉన్న పిల్ల ఇందులో సన్నబడింది. అతని నుదుటి మీద కనుబొమల మధ్య గీత పడింది. “ఇద్దరూ తగ్గిపోయారు కదమ్మా” అంది మా అమ్మాయి. తగ్గలేదే, బతికారు అన్నాను.

కారులో సన్నివేశం గురించి చెప్పకుండా ఉండలేను. అప్పటిదాకా నవ్వుతూ, జోకులేస్తూ ఉన్న సెలీన్ ఒక్కసారి బద్దలవుతుంది. నేను నా మానాన బాగానే ఉన్నాను, నీ పుస్తకం చదివాక అన్నీ తవ్వుకొచ్చాయి అంటుంది. ఆ ఒక్క రాత్రిలోనే తన దగ్గరున్న ప్రేమంతా ఖర్చయిపోయిందనీ, ఆ తర్వాత ఎవరినీ అలా నమ్మలేకపోయిందనీ అరుస్తుంది. తనతో తిరిగిన మగవాళ్ళంతా తననొదిలి ఇంకెవరినో పెళ్ళి చేసుకుని, తర్వాత ఫోన్ చేసి “ప్రేమంటే ఏమిటో నీవల్లే తెలిసింది” అని థాంక్స్ చెబుతారట! నవ్వొచ్చింది, వెంటనే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

నాకు ఆదిపర్వంలో నన్నయ్య గారి శకుంతల గుర్తొచ్చింది. కాళిదాసు నాటకంలో శాపం ఉంది, ఉంగరం ఉంది, మరిచిపోవడానికి మగవాడికి ఒక వంక ఉంది. భారతంలో అవేమీ లేవు. దుష్యంతుడికి అన్నీ గుర్తే, అయినా తెలీదంటాడు. శకుంతల ఏడుస్తూ వెనక్కి వెళ్ళదు. నిండు సభలో కొడుకుని పక్కన పెట్టుకుని, సత్యం విలువెంతో ఒక్కొక్క మెట్టూ ఎక్కిస్తూ రాజుకి చెబుతుంది. మా క్లాసులో ఆ పద్యాలు ఆడపిల్లలందరికీ నోటికొచ్చు. సెలీన్‌కి సభ లేదు, కొడుకు లేడు. డ్రైవరు వింటున్న కారులో వెనక సీటు ఉంది. అయినా ఆమె చెప్పేది అదే: నువ్వు మర్చిపోలేదని నాకు తెలుసు, ఆ లెక్క నాతో సరిగ్గా చూడు.

ఆమె అలా అరిచి మొహం తిప్పుకున్నాక ఇద్దరూ కాసేపు ఊరుకుంటారు. అతను తన కలల గురించి చెప్పడం మొదలుపెడతాడు. తను ప్లాట్‌ఫాం మీద ఉంటే ఆమె రైల్లో అలా వెళ్ళిపోతూనే ఉంటుందట, మళ్ళీ మళ్ళీ. చెబుతూ కిటికీ వైపు తిరిగినప్పుడు, సెలీన్ చెయ్యి అతని తల వైపు వెళ్తుంది. తాకబోయి, అతను ఇటు తిరిగేసరికి వెనక్కి తీసేసుకుంటుంది. ఒక్క మాట లేదు. మన సినిమాల్లో నాలుగు డ్యూయెట్లు పెట్టినా ఆ చెయ్యికి సమానం కాదు.

ఇంతవరకూ సెలీన్ వైపు నుంచే చూశాను. కానీ నాలో ఇంకొకావిడ కూడా కూర్చుని ఆ సినిమా చూసింది.

జెస్సీకి భార్య ఉంది. నాలుగేళ్ళ కొడుకున్నాడు, హాంక్ అని. అమ్మాయి కడుపుతో ఉందని తెలిసి, బాధ్యత అనుకుని పెళ్ళి చేసుకున్నాడు. మంచి మనిషే అంటాడు భార్య గురించి. తమ సంసారం ఇద్దరూ కలిసి చిన్నపిల్లల బడి నడుపుతున్నట్టుందని వాపోతాడు. సెలీన్ జాలిగా వింటుంది. మా అమ్మాయి కూడా జాలిపడింది. నాకు మాత్రం, ఇతను దేశాలు పట్టుకు తిరుగుతుంటే ఆ బడి ఎవరు నడుపుతున్నారబ్బా అనిపించింది. ఆ భార్య సినిమాలో ఎక్కడా కనిపించదు. ఫోటో చూపించరు, ఫోన్లో గొంతు కూడా వినిపించదు. అతను చెప్పిన నాలుగు ముక్కలే ఆవిడ.

ఆవిడ కోసం నేనెందుకు వెతికానో చెబుతాను. ఇది ఆయన చదివి సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నాను.

పెళ్ళయిన నెలలోపే మా వారు నాతో చెప్పారు, ఇంతకు ముందు ఒకమ్మాయి ఉండేదని. ఇరువైపులా పెద్దలు ఒప్పుకోలేదు, ఆమెకి వేరే సంబంధం చేశారు, అయిపోయింది. డాబా మీద, కరెంటు పోయిన రాత్రి, పక్కింటి టేబుల్ ఫ్యాన్ ఆగిపోయిన నిశ్శబ్దంలో చెప్పారు. నేను రెండు ప్రశ్నలు అడిగాను. పేరేంటి, ఇప్పుడెక్కడుంటుంది. చెప్పారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఏడో ఏట తణుకులో ఒక పెళ్ళికి వెళ్ళాం. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్ళు. ఆ హాంక్ వయసే. రెండో బంతి లేచాక ఆయన నా పక్కకి వచ్చి, “అటు చూడు, ఆకుపచ్చ చీర. ఆవిడే” అన్నారు. అంతలో ఆవిడా చూసింది. దాక్కోవడానికి లేదు. ఆయన వెళ్ళారు. షామియానా చివర, కాఫీ క్యాన్లు పెట్టిన బల్ల దగ్గర ఇద్దరూ నిలబడి మాట్లాడుకున్నారు.

నేనూ వెళ్ళి పక్కన నిలబడొచ్చు. “నమస్కారమండీ, మీ గురించి చెప్పారు” అనొచ్చు. పాప “నాన్న దగ్గరికి” అని చెయ్యి లాగుతోంది కూడా. నేను దాన్ని ఎత్తుకుని మేళం వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. డోలు వాయించే ఆయన వేళ్ళకి తొడుక్కున్న తొడుగులు చూపించాను. సన్నాయి ఎత్తుకోగానే అది రెండు చెవులూ మూసుకుంది. పది నిమిషాలు అక్కడే నిలబడ్డాం. గొప్ప మనసేం కాదు. నేను వెళ్ళి నిలబడితే ముగ్గురం ఎండల గురించి మాట్లాడుకోవాలి. ఆ నాటకం నాకొద్దనిపించింది. అయినా నా వీపుకి కళ్ళున్నాయి ఆ పది నిమిషాలూ. ఎన్నిసార్లు నవ్వారో తెలుసు. రెండుసార్లు.

తిరుగు బస్సులో పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చున్నారు. ఏలూరు దాటేదాకా మాట లేదు. అప్పుడు, “పెళ్ళిలో మజ్జిగ పులుసు బావుంది కదా” అన్నారు. బావుంది అన్నాను. అంతే, పదహారేళ్ళు గడిచిపోయాయి.

నేను సినిమాలో వెతుక్కున్న మనిషి అందుకే ఆవిడ. కాఫీ క్యాన్ల దగ్గర నిలబడ్డవాళ్ళని సినిమా తీస్తారు. డోలు దగ్గర పిల్లని ఎత్తుకుని నిలబడ్డదాన్ని తియ్యరు.

సినిమా అయిపోయింది. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయింది. మామూలుగా ఇంటర్వెల్‌కే నిద్రపోయే ఆయన చివరిదాకా మేలుకుని ఉన్నారు. నేను అడిగేశాను. “తణుకులో ఆ పది నిమిషాలూ ఏం మాట్లాడుకున్నారు?”

ఏ తణుకు అని అడగలేదు ఆయన. అది నాకు నచ్చింది. వాళ్ళ నాన్నగారు పోయిన సంగతి చెప్పిందట. పిల్లల చదువులు. “మీ పాప మీ పోలికే” అందట. కొంచెం ఆగి, “ఇంకా రాస్తున్నావా అని అడిగింది” అన్నారు.

“ఏం రాయడం?”

“కవితలు.”

నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని. మా ఇంట్లో కవిత్వం అంటే నా శాఖే అని ఇరవైమూడేళ్ళుగా ధీమాగా ఉన్నాను. బీరువాలో కృష్ణశాస్త్రి, తిలక్ నావి. పద్యం చదువుతుంటే ఆయన పేపరు తిరగేస్తారు. ఆ మనిషి కవితలు రాసేవారట! ఒక లాంగ్ నోట్‌బుక్ నిండా. ఆమె పెళ్ళయ్యాక మానేశారట. తణుకులో “మానేశాను” అని చెబితే, ఆమె “అయ్యో” అందట. వాళ్ళు రెండోసారి నవ్వింది ఆ “అయ్యో” తర్వాతే.

ఒకప్పుడు ప్రేమించారన్న సంగతి నన్ను ఎప్పుడూ ఇంత గుచ్చలేదు. ఈ సంగతి గుచ్చింది. ఆయనలో ఒక గది ఉందని ఆవిడకి తెలుసు. నాకు తలుపే కనబడలేదు. “నాతో ఎందుకు చెప్పలేదు?” అన్నాను. చాలాసేపు ఊరుకుని, “నువ్వు తప్పులు పడతావని” అన్నారు. కోపం వచ్చింది. నవ్వూ వచ్చింది. ఎందుకంటే పడతాను. శుభలేఖల్లో కూడా పడతాను.

ఆ రాత్రి నిద్రపట్టక జెస్సీ భార్య గురించే ఆలోచించాను. ఆవిడ మొగుడు ఆ రాత్రి గురించి ఏకంగా పుస్తకమే రాసి దేశదేశాలా అమ్మాడు. ఆవిడ చదివే ఉంటుంది కదా. ప్రతి పేజీలోనూ తను కాని ఇంకో అమ్మాయి. నాకేమో ఒక్క పేజీ కూడా చూపించలేదు. అన్నీ చదవాల్సి రావడం కష్టమా, ఏదీ తెలియకపోవడం కష్టమా? అటూ ఇటూ తిప్పి చూశాను గానీ తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు మూడో సినిమా చూశాం, ‘బిఫోర్ మిడ్‌నైట్’. సరిగ్గా ఇంకో తొమ్మిదేళ్ళకి, 2013లో వచ్చింది. రెండో సినిమా చివర సెలీన్ తన ఇంట్లో గిటార్ మీద తనే కట్టుకున్న పాట పాడి, పాత పాట పెట్టుకుని చిన్నగా ఆడుతూ, నీ విమానం తప్పిపోయేలా ఉందని సరదాగా అంటుంది. అతను తెలుసన్నట్టు నవ్వుతూ కూర్చుంటాడు. అక్కడ ఆపేశారు. వెళ్ళలేదని మూడో దానిలో తెలుస్తుంది. భార్యతో విడిపోయాడు, సెలీన్‌తో ఉంటున్నాడు, కవల ఆడపిల్లలు. గ్రీసులో సెలవులకి వచ్చారు. మొదటి సన్నివేశం విమానాశ్రయం. సెలవులైపోయి హాంక్ షికాగోలో తల్లి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, తండ్రి సాగనంపుతున్నాడు. ఆ నాలుగేళ్ళ పిల్లాడు మీసాలొచ్చే వయసుకొచ్చాడు. తప్పిపోయిన ఆ ఒక్క విమానం ఖరీదు అక్కడ కనిపిస్తుంది.

ఇంక సెలీన్. హోటల్లో రిసెప్షన్ దగ్గర జెస్సీ పుస్తకాలు తెచ్చి ఆమెని కూడా సంతకం పెట్టమంటారు. ఆ కథలో అమ్మాయి మీరే కదా అని. పెట్టలేక పెడుతుంది. గదిలోకి వెళ్ళాక జరిగే పోట్లాట మన ఇళ్ళల్లో పోట్లాటే. పిల్లల్ని ఎవరు చూశారు, ఎవరికి రాసుకోవడానికి టైం దొరికింది, ఎవరి పాటలు ఎవరి గిటారు మూలపడ్డాయి. కలలో రైల్లో వెళ్ళిపోతూ ఉండే పిల్ల ఇప్పుడు చిన్నపిల్లల బడి నడుపుతోంది. ఆ కుర్చీలో ముందు కూర్చున్నావిడ షికాగోలో ఉంది. మూడు సినిమాలు అయిపోయినా ఆవిడ మొహం మాత్రం మనకి చూపించలేదు.

అందుకే నాకు ఈ రెండో సినిమా మీద గౌరవం. కలిశారు, శుభం అని ఊరుకోలేదు. తాకబోయి వెనక్కి తీసుకున్న ఆ చేతిని మూడో సినిమాలో అంట్లు తోమేదాకా తీసుకొచ్చారు. శ్రీనాథుడు ఆపిన చోట ఆపకుండా అరణ్యపర్వం కూడా తీశారు.

మనకి ఈ దారిలో దగ్గరి చుట్టం ‘జాను’. 2020లో వచ్చింది, తమిళంలో ‘96’ తీసిన ప్రేమ్‌కుమారే తెలుగులోనూ తీశారు. అక్కడ కూడా ఒక రాత్రి, అక్కడ కూడా విమానం. కానీ జాను విమానం ఎక్కి తన సంసారానికి వెళ్ళిపోతుంది. అది చూసి మా వీధిలో ఆడవాళ్ళందరం “మంచి పని చేసింది” అనుకున్నాం. జెస్సీ విమానం తప్పించుకుంటే “అబ్బ, ఎంత ప్రేమ!” అనుకున్నాం. ఇంట్లో నాలుగేళ్ళ పిల్లాడున్నవాడు అతను. ఈ తేడా ఎక్కడిదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మా అమ్మాయికి చెబితే, “అమ్మా, నువ్వు సినిమా మూడ్ అంతా పాడు చేస్తావ్” అంది. తర్వాత అదే, “కానీ పాయింటే” అంది.

ఆయన నోట్‌బుక్ ఇంకా దొరకలేదు. రాజమండ్రిలో అత్తయ్యగారింట్లో అటక మీద ఉండాలట. దసరాకి వెళ్ళినప్పుడు దింపుతానన్నారు. దిద్దనని మాట ఇచ్చాను. ఈ వ్యాసం చదివి మాత్రం ఆయనే ఒక తప్పు పట్టారు. నేను ముందు “పద్యాలు” అని రాస్తే, “పద్యాలు కాదు, వచన కవితలు” అని మార్పించారు.

పారిస్‌కీ న్యూయార్క్‌కీ ఆరు గంటల తేడా. పారిస్‌లో సాయంత్రం ఎండ తగ్గుతూ ఆ ఇద్దరూ మెట్లెక్కుతున్నప్పుడు అక్కడ మధ్యాహ్నం పన్నెండు దాటి ఉంటుంది. నాలుగేళ్ళ పిల్లాడికి అన్నం వేళ. నాన్న ఈ రాత్రికి వస్తాడని చెప్పి రెండు ముద్దలు ఎక్కువ తినిపిస్తూ ఉండొచ్చు ఆవిడ. విమానం టైము ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి ఉండొచ్చు. అతని పుస్తకం ఆ బల్ల మీదే ఎక్కడో ఉండి ఉంటుంది. ఎనభై నిమిషాలు ఆ వంటింట్లో కెమెరా పెడితే చాలు, నాలుగో సినిమా అవుతుంది. పిల్లాడు నిద్రపోతాడు, ఆవిడ గిన్నెలు సర్దుతుంది, ఫోన్ మోగుతుంది.

ఫోన్ ఎత్తాక ఆవిడ మొదటి మాట ఏమై ఉంటుందంటారు? నేను ఒకటి అనుకున్నాను. ముందు మీరు చెప్పండి.